లేజర్ కంటి శస్త్రచికిత్స అనంతరం రాత్రి చూపులో ఇబ్బందులు - ముందస్తు అవగాహన అవసరం

కళ్ళజోడు అవసరాన్ని తగ్గించే లాసిక్ శస్త్రచికిత్స పట్ల యువత ఆసక్తి చూపుతున్నారు. చికిత్స పొందినవారిలో అత్యధికులు సంతృప్తి వ్యక్తం చేస్తున్నప్పటికీ, కొందరికి చీకటి పడిన తర్వాత దీపాల చుట్టూ వలయాలు, నక్షత్రాకారంలో చీలిన కాంతిరేఖలు కనిపించడం, ఎదుటి వాహనాల వెలుగుకు కళ్ళు బైర్లు కమ్మడం వంటి ఇబ్బందులు ఏర్పడుతున్నాయి. పగటిపూట పరీక్షలో అక్షరాల పట్టికను పూర్తిగా చదవగలిగినవారికి సైతం ఈ సమస్య ఎదురుకావచ్చును.

కారణాలు

లాసిక్‌లో కార్నియా పైపొరను పలుచని రేకువలె తెరచి, లోపలి భాగాన్ని ఎక్సైమర్ లేజర్‌తో మలచి, పొరను తిరిగి యథాస్థానంలో అమరుస్తారు. ఇలా సరిదిద్దే భాగం వ్యాసం సాధారణంగా 6 నుంచి 6.5 మిల్లీమీటర్లు ఉంటుంది. చీకటిలో కంటిపాప విశాలమైనపుడు, ఆ భాగం అంచుల గుండా ప్రవేశించే కాంతి ఒకేచోట కేంద్రీకృతం కాక చెదురుతుంది. అధిక పవర్‌ను సరిచేయించుకున్నవారిలో ఈ ప్రభావం ఎక్కువ. కన్ను పొడిబారడం, స్వల్పంగా మిగిలిన దృష్టిదోషం కూడా ఇందుకు దోహదం చేస్తాయి. ఇది విటమిన్ ఎ లోపం వలన కలిగే రేచీకటి కాదు. విటమిన్ మాత్రలతో తగ్గేదీ కాదు.

అధ్యయన ఫలితాలు

అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ, జాతీయ నేత్ర సంస్థ, రక్షణ శాఖల సహకారంతో జరిగిన రెండు అధ్యయనాల ఫలితాలు 2017లో ప్రచురితమయ్యాయి. చికిత్సకు ముందు ఎటువంటి లక్షణాలూ లేనివారిలో 40 శాతానికి పైగా, 3 నెలల తర్వాత కనీసం ఒక కొత్త లక్షణాన్ని పేర్కొన్నారు. వీటిలో వలయాలే అధికం. అయితే దైనందిన పనులకు తీవ్ర ఆటంకం కలిగినవారు 1 శాతం లోపే. వైద్యునికి స్వయంగా చెప్పినవారి కంటే, ప్రశ్నావళిలో తెలిపినవారు రెట్టింపునకు పైగా ఉండడం గమనార్హం. కనుక రాత్రి చూపు గురించి వైద్యులే అడగడం, రోగులు దాచకుండా చెప్పడం ఉభయులకూ అవసరం.

జాగ్రత్తలు

* రాత్రివేళ వాహనాలు నడిపే వృత్తిలో ఉన్నవారు ఆ విషయాన్ని ముందుగానే వైద్యునికి తెలియజేయాలి.
* చీకటిలో కంటిపాప పరిమాణం, సరిదిద్దే భాగం వ్యాసం అడిగి తెలుసుకోవాలి.
* చికిత్స తర్వాత చూపు కుదుటపడి, వైద్యుడు అనుమతించే వరకు రాత్రి వాహనం నడపరాదు.

ఈ ఇబ్బందులు పలువురిలో కొద్ది నెలల్లో క్రమంగా తగ్గుతాయి. కొందరిలో మాత్రం శాశ్వతంగా మిగలవచ్చును. అట్టివారికి కన్నీటి చుక్కలు, రాత్రి ప్రయాణానికి కళ్ళజోడు, అవసరమైతే మరోమారు లేజర్ చికిత్సను నేత్ర వైద్యులు సూచిస్తారు. అంగీకార పత్రంపై సంతకం చేసే ముందే ఈ అంశాలను వైద్యునితో చర్చించడం శ్రేయస్కరం.