నోటి కాన్సరు: గుర్తింపు, చికిత్స

జీర్ణకోశములోనో, ఊపిరితిత్తులలోనో పుట్టిన కాన్సరును చూచుటకు యంత్రములు కావలెను. నోటిలో పుట్టిన దానిని చాలవరకు పగటి వెలుతురులో ఒక అద్దముతోనే చూడవచ్చును. అయినను అనేకులు వ్యాధి ముదిరిన పిదపనే వైద్యుని వద్దకు పోవుచున్నారు. తొలిదశలో ఈ పుండు తరచుగా నొప్పి పెట్టకపోవుటయే ఇందుకు ముఖ్యకారణము.

నోటి లోపలి పలుచని పొరలోని కణములు పాతవి రాలిపోవుచు, క్రొత్తవి పుట్టుచుండును. పొగాకులోని విషపదార్థములు ఏండ్ల తరబడి తగిలినచో కణవిభజన అదుపు తప్పును. అట్టి కణములు లోతునకు చొచ్చుకొనిపోయి, తరువాత మెడలోని గ్రంథులకు ప్రాకును. వక్క కూడ కాన్సరు కారకమే. పొగాకుతో మద్యము తోడైనచో అపాయము మరింత హెచ్చును.

దీనికి ఉత్తరాంధ్ర తీరమే నిదర్శనము. విశాఖపట్నం, శ్రీకాకుళం ప్రాంతములలో, ముఖ్యముగా స్త్రీలు, చుట్ట నిప్పును నోటిలోపల ఉంచుకొని కాల్చు అలవాటు కలదు. దీనిని అడ్డపొగ అందురు. ఇతరచోట్ల అరుదైన అంగుటి కాన్సరు ఇచట అధికముగా ఉండుటకు ఇదియే కారణమని 1957లో డి. జి. రెడ్డి, వి. కె. రావు అను వైద్యులు తెలిపిరి. డెన్మార్కు శాస్త్రజ్ఞుడు పిండ్‌బోర్గ్, భారతీయ సహచరులతో కలసి 10,169 మంది ఆంధ్ర గ్రామీణుల అంగుళ్లను పరీక్షించి, ఫలితములను 1971లో ప్రకటించెను.

ఇక గుర్తించుట ఎట్లు? పెదవులు, చిగుళ్లు, బుగ్గల లోపలివైపు, నాలుక అంచులు, నాలుక క్రింది భాగము, అంగుడు వరుసగా చూడవలెను. తుడిచినను పోని తెల్లమచ్చ, అంతకంటె ప్రమాదకరమైన ఎర్రమచ్చ, రెండు వారములలో మానని పుండు, కారణము లేక కదలు పన్ను, మెడలో గట్టి గడ్డ, క్రమముగా తెరచుకొనలేని నోరు - ఇవి హెచ్చరికలు. ముఖముపై మానక రక్తము కారు పుండును కూడ ఉపేక్షింపరాదు. ప్రతి మచ్చయు కాన్సరు కాదు. వాడిపన్ను ఒరసికొని కలిగిన పుండు, ఆ పన్నును సరిచేసిన పిదప మానిపోవును. సందేహమున్నచో వైద్యుడు చిన్నముక్క తీసి, సూక్ష్మదర్శినితో పరీక్ష చేయించి నిర్ణయించును.

చికిత్సలో శస్త్రచికిత్స ప్రధానము. చిన్నపుండును తొలగించినచో మాటకు, భోజనమునకు అంతగా లోపము రాదు. ముదిరినచో దవడ ఎముకనే తీయవలసి రావచ్చును. అప్పుడు కాలి ఎముకతో దానిని మరల నిర్మింతురు. అవసరమును బట్టి వికిరణ చికిత్సను ఆరేడు వారములు ఇత్తురు, మందులను కూడ చేర్తురు. వికిరణమునకు ముందే పుచ్చిన పండ్లకు చికిత్స జరుగవలెను; లేనిచో తరువాత దవడఎముక మానుట కష్టమగును.

పులికాటు సరస్సు చెంతనున్న తడ వంటి సరిహద్దు గ్రామములవారికి రెండు దారులు కలవు. దక్షిణమున చెన్నైలో, ముత్తులక్ష్మీరెడ్డి కృషితో 1954లో నెలకొన్న అడయారు కాన్సరు సంస్థ యున్నది. పడమట తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర వైద్యవిజ్ఞాన సంస్థ యున్నది. 2007లో ఆరోగ్యశ్రీగా ఆరంభమై, తరువాత ఎన్.టి.ఆర్. వైద్యసేవ అను పేరు పొందిన ప్రభుత్వ పథకము పేదలకు కాన్సరు చికిత్సలో తోడ్పడును.

పొగాకును, వక్కను మానుట మొదటి రక్ష. నెలకొకసారి అద్దములో నోటిని చూచుకొనుట రెండవది. ఈ పరీక్షను ఉపాధ్యాయుడు తరగతిలో నేర్పినచో, విద్యార్థి ఇంటికి పోయి చుట్ట కాల్చు తాతకు, ఆకువక్క నమలు అవ్వకు దానిని చేసి చూపగలడు. నొప్పి లేదని ఊరకుండక, రెండు వారములు దాటిన పుండును వైద్యునకు చూపవలెను.