అమ్మకు ఏ సెంటు?

సెలవులకు ఇంటికి వెళ్తూ అమ్మకో సెంటు సీసా కొందామని దుకాణంలో గంటసేపు తచ్చాడాం. మిగిలినవి రెండు. ఒకటి జర్మనీలో కొలోన్ నగరపు 4711: నిమ్మ వాసన, వెనకాల నారింజపూలు. రెండోది ఎడ్మండ్ రుద్నిత్‌స్కా 1966లో డియోర్ వారికి కూర్చిన ఓ సోవాజ్: నిమ్మతోబాటు జాజిపూలను తలపించే హెడియోన్ అనే రసాయనం. (మగవాళ్ల సెంటుట. ముక్కుకేం తెలుసు?)

నిమ్మ వాసన తొందరగా ఎగిరిపోతుంది. అందుకని చెరో మణికట్టుకీ రాసుకుని, కాఫీ తాగొచ్చి మళ్లీ చూశాం. 4711 దాదాపు మాయం. రెండోదానిలో జాజులు అలాగే ఉన్నాయి.

చిక్కంతా అక్కడే. నాన్న పోయాక అమ్మ పూలు మానేసింది. సంతోషిస్తుందా, నొచ్చుకుంటుందా? ఉండబట్టలేక ఫోను చేశాం. కాసేపు మాట్లాడలేదు.

"సెంటు తల్లో కనబడదు కదర్రా, తీసుకురండి" అంది.