హెచ్చరిస్తే పని ఆపేయాలా?

రాయచోటి బడిలో నువ్వు సీ భాషలో ఓ చిన్న ప్రోగ్రాం రాశావనుకో. మార్కులు 100 అయితే 'బహుమతి' అని చూపాలి. నడిపి చూస్తే సున్నా వచ్చినవాడికి కూడా బహుమతే! ఎందుకు?

'మార్కులు 100 ఉన్నాయా?' అని అడగాలంటే సమానం గుర్తు రెండుసార్లు వేయాలి. నువ్వు ఒక్కసారే వేశావు. అంటే 'మార్కుల్లో 100 పెట్టెయ్' అని చెప్పినట్టు. కంప్యూటర్ పెట్టేసింది, పాపం!

మనం రాసినదాన్ని కంప్యూటర్ నడపగలిగేలా మార్చేది కంపైలర్. వాక్యం బొత్తిగా కుదరకపోతే అది ఆగిపోతుంది. ఇక్కడ వాక్యం కుదిరింది, అనుమానమే మిగిలింది. జీసీసీ అనే కంపైలర్‌కు అనుమానాలుంటే చెప్పమని ముందే చెప్పిపెట్టుకుంటే 'ఇది చూసుకో' అని హెచ్చరిస్తుంది. అయినా ప్రోగ్రాం తయారుచేసి ఇచ్చేస్తుంది.

ఇంట్లోనూ అంతే. సంగటికి బియ్యం ఏరుతూ జేజి 'రాయి ఉన్నట్టుందే' అంటుంది. వినకుండా ఎసరులో పోస్తే పంటికింద పడ్డాకే తెలుస్తుంది. 'రాయి తీస్తేగానీ పొయ్యి వెలిగించను' అని జేజి పట్టుబడితే? జీసీసీకి 'డబ్ల్యూ-ఎర్రర్' అని చెప్పడం అదే. ఒక్క హెచ్చరిక ఉన్నా ప్రోగ్రాం తయారుకాదు.

2021 సెప్టెంబరులో, లినక్స్ ఆపరేటింగ్ సిస్టంకు గుండెకాయ లాంటి కెర్నల్‌కు, దాన్ని మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ ఈ నియమం పెట్టాడు. రకరకాల యంత్రాలు, రకరకాల కంపైలర్లు కదా! ఒకరికి రాని హెచ్చరిక ఇంకొకరికి వచ్చి పని ఆగింది. కొద్దిరోజుల్లోనే సడలించి, పరీక్ష కోసం చేసే తయారీకే ఆ నియమం దానంతటదే అమలయ్యేలా ఉంచాడు.

కొత్త కంపైలర్‌కు కొత్త అనుమానాలు పుడతాయి. అందుకే నువ్వు రాసుకునేటప్పుడు ఈ నియమం పెట్టుకో, ఇతరులకు ఇచ్చేటప్పుడు తీసెయ్.