వైద్య విద్యార్థులు – నిద్ర

“ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు” అన్నది పెద్దల మాట. కాని పడక సిద్ధంగా ఉన్నా నిద్ర కరవైనవారు వైద్య విద్యార్థులు. నాలుగున్నర సంవత్సరాల ఎం.బి.బి.ఎస్. చదువు, అటుపై ఒక సంవత్సరం ఇంటర్న్‌షిప్, విస్తారమైన పాఠ్యాంశాలు, వరుస పరీక్షలు, రాత్రి డ్యూటీలు వారి మనస్సుపై ఒత్తిడి తెస్తాయి. అఖిల భారత కోటాలో దూర రాష్ట్రాల నుండి వచ్చినవారికి వార్డులో రోగి మాట్లాడే భాష కూడా కొత్తదే.

ఒత్తిడి వల్ల కార్టిసాల్ వంటి హార్మోనులు పెరిగి నిద్రకు భంగం కలుగుతుంది. నిద్ర చాలకపోతే ఏకాగ్రత సన్నగిల్లుతుంది; చదివినది నిలువదు; ఆందోళన ఇంకా పెరుగుతుంది. మెలకువ కోసం త్రాగే కాఫీలోని కెఫీన్ గంటల తరబడి శరీరంలో నిలిచి, మరునాటి నిద్రను కూడా చెడగొట్టవచ్చు. నిజానికి పగలు నేర్చిన విషయం జ్ఞాపకంలో స్థిరపడడానికి నిద్ర ఎంతో తోడ్పడుతుంది. కనుక నిద్ర చదువులో భాగమే గాని, చదువుకు ఆటంకం కాదు.

నిద్రించిన గంటలను లెక్కించినంత మాత్రాన చాలదు. 1989లో వెలువడిన పిట్స్‌బర్గ్ సూచిక నిద్ర పట్టే వ్యవధిని, నడుమ కలిగే మెలకువలను, పగటి మగతను కూడా పరిశీలిస్తుంది. మొత్తం 21లో 5కు మించిన అంకె నిద్రలోపానికి చిహ్నం.

ఈ బాధ్యత విద్యార్థులది మాత్రమే కాదు. 2024లో జాతీయ వైద్య కమిషన్ కార్యదళం రెసిడెంట్ డాక్టర్ల పని వారానికి 74 గంటలకు మించరాదనీ, వారానికొక సెలవు ఉండాలనీ, రోజుకు 7, 8 గంటల నిద్ర అవసరమనీ సూచించింది. మనస్సు కలత చెందినవారు 2022లో ప్రారంభమైన టెలి మానస్ సేవను 14416 నంబరులో సంప్రదించవచ్చు.

అలసిన కన్నులు మందు మోతాదును పొరబడి చదవవచ్చు. వైద్య విద్యార్థుల నిద్రను కాపాడడమంటే రేపటి రోగిని కాపాడడమే.