నేను తీసేసిన ‘నాయిస్’లోనే ఖనిజం ఉంది!

బోరు అంటే మనకు నీళ్లే గుర్తొస్తాయి. ఎన్ని అడుగుల్లో పడ్డాయి, మోటారు ఎంత... ఇవే మాటలు. కానీ ఖనిజాల కోసం వేసే బోరులోకి మోటారు దించరు. కేబుల్‌కి కట్టిన సన్నటి ఉక్కు గొట్టం దించుతారు. పేరు గామా ప్రోబ్. దాని డేటాకి సాఫ్ట్‌వేర్ రాసే పని నాకొచ్చింది. నేను చదివింది కంప్యూటర్ సైన్స్. రాళ్ల గురించి నాకు తెలిసింది సున్నా!

రాయి కూడా సిగ్నల్ ఇస్తుంది

ప్రతి రాయిలోనూ కాస్తో కూస్తో పొటాషియం, థోరియం, యురేనియం ఉంటాయి. వాటి నుంచి గామా కిరణాలు వస్తూనే ఉంటాయి. ప్రోబ్‌లోని సోడియం అయొడైడ్ స్ఫటికానికి ఆ కిరణం తగిలితే చిన్న మెరుపు వస్తుంది. ఆ మెరుపుల్ని లెక్కపెట్టడమే లాగింగ్. ప్రోబ్‌ని అడుగుదాకా దించి, మెల్లగా పైకి లాగుతూ ఏ లోతులో ఎన్ని కౌంట్లు వచ్చాయో రాసుకుంటారు. బొగ్గు పొర దగ్గర గ్రాఫ్ సాధారణంగా కిందికి పడిపోతుంది, షేల్ దగ్గర లేస్తుంది. యురేనియం ఉంటే ఇక చెప్పక్కర్లేదు, ఒక్కసారిగా ఎగబాకుతుంది.

నా తెలివి

నాకొచ్చిన ఫైల్‌లో 10 సెంటీమీటర్లకో రీడింగ్. గ్రాఫ్ నిండా గతుకులే. డెవలపర్ బుద్ధి ఊరుకుంటుందా? ఫిల్టర్ పెట్టేశా. ప్రతి రీడింగ్‌ని పైన అయిదు, కింద అయిదు రీడింగ్‌లతో పోల్చి మధ్య విలువ ఉంచడం. గ్రాఫ్ నున్నగా వచ్చింది. డెమోలో అందరూ ‘సూపర్’ అన్నారు.

మా జియాలజిస్ట్ సార్ మాత్రం స్క్రీన్ వంక అలాగే చూస్తూ, ‘ఇక్కడో శిఖరం ఉండాలి బాబూ, ఏం చేశావ్?’ అన్నారు. అదే బోరు నుంచి తీసిన రాతి కోర్‌లో, అదే లోతులో, జానెడు మందాన ఖనిజం పొర ఉంది. నా ఫిల్టర్ దాన్ని ‘నాయిస్’ అనుకుని ఊడ్చేసింది!

తల కొట్టేసినట్టయింది. నన్ను తిట్టలేదాయన. తేడా ఎలా కనిపెట్టాలో చెప్పారు. నిజమైన పొర దగ్గరికి ప్రోబ్ చేరకముందే కౌంట్లు పెరగడం మొదలవుతాయి, దాటాక మెల్లగా తగ్గుతాయి. పరికరం లోపమైతే ఒక్క రీడింగ్‌లో ఎగిరి పడిపోతుంది. అనుమానం వస్తే మళ్లీ లాగ్ చేయాలి. నిజమైన శిఖరం రెండోసారీ అక్కడే లేస్తుంది.

చిన్నచిన్న గతుకులు మాత్రం సహజమేనట. 100 కౌంట్లు వస్తే 10 అటూ ఇటూ ఉంటుంది. 10,000 వస్తే తేడా 100, అంటే 1 శాతమే. అందుకే ప్రోబ్‌ని నెమ్మదిగా లాగుతారు. తొందరపడి లాగేసి, తర్వాత కోడ్‌తో సరిచేద్దామంటే కుదరదు.

గ్రాఫ్‌ని గుడ్డిగా నమ్మొచ్చా?

అదీ కాదు. ప్రోబ్‌కి ఎక్కువగా కనిపించేది యురేనియం కాదు, దాని నుంచి పుట్టిన బిస్మత్-214. నీళ్లు యురేనియాన్ని కరిగించి తీసుకుపోతే, దాని ‘పిల్లలు’ అక్కడే మిగిలిపోవచ్చు. అప్పుడు గ్రాఫ్ ఘనంగా ఉంటుంది, ఖనిజం ఉండదు. అందుకే కోర్ ముక్కల్ని ల్యాబ్‌కి పంపి సరిచూస్తారు.

ఇంత జాగ్రత్త దేనికంటే, కడప జిల్లా తుమ్మలపల్లెలో గని ఉంది కదా, అక్కడ టన్ను రాయిలో కిలో యురేనియం కూడా ఉండదు. లెక్కలో కాస్త తేడా వచ్చినా కథ మారిపోతుంది. మరోపక్క, నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని 2019లో తెలంగాణ శాసనసభ తీర్మానమే చేసింది. గని కావాలా వద్దా అన్నది జనం, ప్రభుత్వం తేల్చుకోవాల్సిన మాట. ఆ చర్చకు ముందు పెట్టే అంకె మాత్రం నిజం కావాలి. ‘తక్కువ చూపినా తప్పే, ఎక్కువ చూపినా తప్పే’ అన్నారు సార్.

ఆ ఫిల్టర్ తీసేశా. ఇప్పుడు మా సాఫ్ట్‌వేర్‌లో అసలు రీడింగ్‌ని ఎవరూ చెరపలేరు. అనుమానం ఉన్నచోట ఎర్ర చుక్క మాత్రం పడుతుంది. ఆ పక్కనే ఒక లైన్ వస్తుంది: ‘కోర్ చూశారా?’