సత్రంలో చోటు, జాబితాలో చోటు

క్రిస్మస్ వస్తే మన పేటల్లో స్టార్లు కడతాం, ఇంటింటికీ తిరిగి పాటలు పాడతాం. లూకా సువార్తను మాత్రం తొందరగా చదివేస్తాం. సత్రంలో చోటు దొరకని తల్లి బిడ్డను పశువుల తొట్టిలో పడుకోబెట్టింది. ఆ కబురు మొదట అందింది రాజుకు కాదు, యాజకుడికి కాదు. రాత్రిపూట మంద కాస్తున్న కాపరులకు. అంతకుముందే మరియ పాడిన పాటలో గద్దెల మీదివాళ్లు కిందికి దిగుతారు, ఆకలితో ఉన్నవాళ్ల కడుపు నిండుతుంది.

చోటు లేదన్న మాట మనకు కొత్త కాదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ఎస్సీ హోదాను మతంతో ముడిపెట్టింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తెరిచారు. దళిత క్రైస్తవులకు తెరవలేదు. ఆ ముడి తీసేయాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే చెప్పింది. అయినా తెలుగు నేల మీద మతం మారిన దళితులు బీసీ-సీ, వాటా ఒక్క శాతం. అట్రాసిటీ చట్టం రక్షణా పోతుంది. చర్చికి వెళ్లినంత మాత్రాన ఊరు వాళ్ల కులాన్ని మర్చిపోదు.

డిసెంబర్ 31 రాత్రి వాగ్దాన వాక్యం కార్డు ఎవరిది వాళ్లం తీసుకుంటాం. మరియ పాట మాత్రం అందరి వాగ్దానం. దాన్ని మోకాళ్ల మీదే కాదు, వీధిలో నిలబడి కూడా అడగాలి.