అప్పు మనది, షరతు వారిది

అప్పు చేయని సంసారం అరుదు. పూచీ అడగటం, వడ్డీ పుచ్చుకోవటం అప్పిచ్చినవాని హక్కే. కాని, "ఇకమీదట మీ ఇంటి ఖర్చు నేను చెప్పినట్లు జరగాలి" అని అతడంటే? దేశాలకు అప్పులిచ్చే సంస్థలపై విమర్శ అంతా ఈ ప్రశ్న దగ్గరే ఉన్నది.

ప్రపంచ బ్యాంకు, అంతర్జాతీయ ద్రవ్యనిధి 1944లో బ్రెట్టన్ వుడ్స్ సభలో రూపొందినవి. అక్కడ వాటా ఎక్కువగలవారికి ఓట్లు ఎక్కువ. ద్రవ్యనిధిలో అతి ముఖ్య నిర్ణయాలకు నూటికి 85 ఓట్లు కావాలి. అమెరికా ఒక్కదానికే 16 పైచిలుకు ఉన్నవి గనుక, అది కాదంటే కానట్లే.

మన దేశపు అనుభవమే చూడండి. 1965లో యుద్ధం, వెంటనే అనావృష్టి. అమెరికా గోధుమల ఓడలకోసం ఎదురుచూసిన రోజులవి. విదేశీ మారకం అడుగంటినది. ప్రపంచ బ్యాంకు పంపిన బెర్నార్డ్ బెల్ బృందం రూపాయి విలువ తగ్గించాలని, దిగుమతులపై కట్టుబాట్లు సడలించాలని సూచించినది. 1966 జూన్ 6న డాలరుకు 4.76 రూపాయలుగా ఉన్న మారకం 7.50 అయినది. కాంగ్రెసు అధ్యక్షులు కామరాజ్ గారికే ఈ నిర్ణయం నచ్చలేదు.

గుమాస్తా లెక్కలో చెబుతాను. నూరు డాలర్ల పాత బాకీకి నిన్నటిదాకా 476 రూపాయలు చాలినవి. తెల్లవారేసరికి 750 కావలసి వచ్చినవి. తెచ్చుకున్న డాలర్లు అవే, తీర్చవలసిన రూపాయలు పెరిగినవి.

దీనికి బదులుగా ఏటా సుమారు 90 కోట్ల డాలర్ల సాయం కొన్నేళ్ళపాటు వస్తుందని ఆశ చూపినారు. మొదటి ఏడు వచ్చినది. ఆ తరువాత అనుకున్నంత రాలేదు. రెండవ ఏడు కూడ వానలు మొగం చాటేసినవి.

న్యాయంగా రెండవ పక్షం కూడ చెప్పాలి. రూపాయి విలువ ఎప్పుడో సవరించవలసినదేనని పలువురు ఆర్థికవేత్తల అభిప్రాయం. మన ప్రణాళికలూ రాబడిని మించి సాగినవి. తప్పంతా అప్పిచ్చినవారిదే అనలేము. అయితే మన వంతు షరతు ఒక్క రోజులో అమలైనది. వారి వంతు సాయం వెనుకబడినది. సలహా బెడిసికొడితే ఆ బరువు మోసేది సలహాదారు కాదు, బజారుకు సంచీ పట్టుకెళ్ళే ఇల్లాలు.

అందుచేత చేవ్రాలుకు ముందే షరతులు పార్లమెంటులో అందరికీ వినిపించాలి. ఇచ్చేవారి మాటకూ గడువు వ్రాయించుకోవాలి. వెయ్యి రూపాయల ప్రోనోటును రెండుసార్లు చదివించుకునే మనం, దేశం వ్రాసే నోటును ఒక్కసారైనా చదవమని అడగవద్దా?